నరసన్నపేట ఓటు - ఒక పరిశీలన

హాస్టలు వార్షికోత్సవ సంచికలో రాజకీయాలేమిటని కొందరికి అనిపించవచ్చు. ఏ పార్టీని పొగడటానికో తిట్టడానికో ఈ వ్యాసం రాయటం లేదు. రహస్య ఓటింగు, వయోజన ఓటుహక్కు, రిజర్వుడు నియోజకవర్గం - ఇవన్నీ పదో తరగతిలో మనమంతా బట్టీ పట్టిన రెండు మార్కుల ప్రశ్నలే. ఆ మాటలు మన ఊళ్లో, మన వీధిలో ఏ రూపంలో ఉన్నాయో పాఠంలో ఉండదు. పీజీలో రాజనీతిశాస్త్రం తీసుకున్నాక ఎన్నికల సంఘం ప్రకటించే ఫలితాల పట్టికలు చదవటం అలవాటైంది. వాటిలో మన పేట గురించి గమనించిన సంగతులు తమ్ముళ్లతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

రెండే ఇంటిపేర్లు

నరసన్నపేట, పోలాకి, జలుమూరు, సారవకోట - ఈ నాలుగు మండలాలు కలిస్తే నరసన్నపేట శాసనసభ నియోజకవర్గం. 2008 పునర్విభజన తర్వాత, 2009 ఎన్నికల నుంచి ఈ హద్దులు అమలులో ఉన్నాయి. పోలాకి చివర సముద్రం, జలుమూరు వైపు వంశధార, శ్రీముఖలింగం, సారవకోట వైపు కొండలు, మధ్యలో జాతీయ రహదారి మీద పేట. వేటకు వెళ్లే మత్స్యకారుడు, కాలువ నీటి కోసం ఎదురుచూసే రైతు, కొండ దిగువ కూలీ, పేటలో బంగారు దుకాణం నడిపే వర్తకుడు అంతా కలిసి ఒక్క శాసనసభ్యుణ్ణే ఎన్నుకోవాలి.

1989 నుంచి ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లు వరుసగా రాసి చూడండి. 1989లో ధర్మాన ప్రసాదరావు (కాంగ్రెస్), 1994లో బగ్గు లక్ష్మణరావు (తెలుగుదేశం), 1999లో మళ్లీ ప్రసాదరావు. 2004లో ఆయన శ్రీకాకుళం నియోజకవర్గానికి వెళ్లగా ఇక్కడ ఆయన అన్న ధర్మాన కృష్ణదాస్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2009లోనూ ఆయనే. 2012 ఉప ఎన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నుంచి ఆయనే. 2014లో బగ్గు రమణమూర్తి (తెలుగుదేశం), 2019లో కృష్ణదాస్, 2024లో తిరిగి రమణమూర్తి. ఉప ఎన్నికతో కలిపి తొమ్మిది ఎన్నికలు, రెండే ఇంటిపేర్లు. ఆరుసార్లు ధర్మాన, మూడుసార్లు బగ్గు.

ఈ వరుస చూసి "మన జనం కుటుంబాలకు బానిసలు" అని తేల్చేయటం తేలిక. నేనూ అలాంటి మాటలు చాలా విన్నాను. కానీ ఈ జాబితాకు ఇంకో జాబితా పక్కన పెట్టాలి. ఆయా సంవత్సరాల్లో రాష్ట్రంలో ప్రభుత్వం ఎవరిది? 1989 కాంగ్రెస్, 1994 తెలుగుదేశం, 2004, 2009 కాంగ్రెస్, 2014 తెలుగుదేశం, 2019 వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, 2024 తెలుగుదేశం కూటమి. ఎనిమిది సాధారణ ఎన్నికల్లో ఏడుసార్లు పేట గెలిపించిన పార్టీయే రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది. ఒక్క 1999 మినహాయింపు. ఆ ఏడాది రాష్ట్రం చంద్రబాబునాయుడికి మళ్లీ అధికారమిస్తే పేట మాత్రం కాంగ్రెస్ అభ్యర్థిని ఎన్నుకుంది.

అంటే ఇక్కడి ఓటరు ఒక కుటుంబానికి కట్టుబడి లేడు. రాష్ట్రమంతా ఎటు మొగ్గితే తానూ అటే మొగ్గుతున్నాడు. పోటీలో నిలబడేవాళ్లే మారటం లేదు. టిక్కెట్టు ఇచ్చేది పార్టీ. ఎన్నిక ఖర్చు భరించగలవాడు, నాలుగు మండలాల్లోనూ మనుషులున్నవాడు, పెద్ద సామాజికవర్గాల మద్దతు కూడగట్టగలవాడు పార్టీకి కావాలి. మన జిల్లాలో తూర్పుకాపు, కాళింగ, వెలమ అనే మూడు పెద్ద బి.సి. వర్గాల చుట్టూ ఈ లెక్కలు తిరుగుతాయి. ఆ జల్లెడలో చివరకు మిగిలేవి ఏ ఊళ్లోనైనా రెండు మూడు కుటుంబాలే. టెక్కలి, శ్రీకాకుళం ఎం.పి. స్థానం విషయంలో కింజరాపు వారిని చూస్తే ఇది మన పేటకే పరిమితమైన సంగతి కాదని తెలుస్తుంది.

కుటుంబమంటే ఒకే తాటి మీద ఉంటుందనీ అనుకోవద్దు. 2012 జూన్‌లో జరిగిన ఉప ఎన్నిక రాష్ట్రమంతా చెప్పుకున్నది. కృష్ణదాస్ జగన్మోహన్ రెడ్డి వైపు వెళ్లటంతో వచ్చిన ఎన్నిక అది. ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది సొంత తమ్ముడు రామదాస్‌ను. మరో సోదరుడు ప్రసాదరావు అప్పటికి కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి. ఇంటిపేరు చూసి ఓటేసేవాడికి ఆ రోజు ఇంటిపేరు పనికిరాలేదు. ఓటరు అన్నను ఎంచుకున్నాడు.

ఒకే రోజు రెండు తీర్పులు

మన ఓటరు ఆలోచించే వేస్తాడనటానికి నాకు దొరికిన గట్టి ఆధారం 2019 ఏప్రిల్ 11 నాటి పోలింగు. ఆ రోజు ప్రతి ఓటరూ రెండు ఓట్లు వేశాడు. ఒకటి ఎం.ఎల్.ఎ.కి, ఒకటి ఎం.పి.కి. రాష్ట్రంలో 175 స్థానాలకు 151 వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ గెలిచిన ఎన్నిక అది. శ్రీకాకుళం లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో నరసన్నపేటతో సహా అయిదు ఆ పార్టీకే వచ్చాయి. ఇచ్ఛాపురం, టెక్కలి మాత్రమే తెలుగుదేశానికి దక్కాయి. ఈ లెక్కన ఎం.పి. స్థానం కూడా వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌దే కావాలి. కాలేదు. తెలుగుదేశం అభ్యర్థి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఏడు వేల లోపు ఆధిక్యంతో గెలిచారు.

ఒకే పోలింగు కేంద్రంలో, రెండు మూడు నిమిషాల తేడాలో, ఒక యంత్రం మీద ఒక గుర్తు, ఇంకో యంత్రం మీద ఇంకో గుర్తు నొక్కినవాళ్లు వేల సంఖ్యలో లేకపోతే ఈ ఫలితం రాదు. దీన్నే మనవాళ్లు క్రాస్ ఓటింగు అంటారు, అదేదో మోసమన్నట్టు. నిజానికి అది విడివిడిగా బేరీజు వేయటం. ఎం.ఎల్.ఎ. ఎవరన్నది పింఛను, ఇల్లు, కాలువ నీటితో ముడిపడిన ప్రశ్న. ఎం.పి. ఎవరన్నది వేరే ప్రశ్న. చదువురాని మా ఇంటి పెద్దలు కూడా ఈ రెండింటినీ కలిపి మాట్లాడరు. చదువుకున్న మనమే టీవీ చర్చలు చూసి కలిపేస్తుంటాం.

స్థానిక ఎన్నికల ఫలితాన్ని శాసనసభ ఎన్నికకు అంటగట్టటం ఇంకో పొరపాటు. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర వంటి గుర్తులే. ఎం.పి.టి.సి., జెడ్.పి.టి.సి.లకు పార్టీ గుర్తులుంటాయి. ఏప్రిల్‌లో ఆ ఎన్నికలు జరిగితే వాటిని బహిష్కరిస్తున్నట్టు తెలుగుదేశం ప్రకటించింది. కోర్టు కేసుల వల్ల ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19 వరకు ఆగింది. అయిదు నెలలు బ్యాలెట్ పెట్టెలు తాళాల వెనకే ఉన్నాయి. చివరకు అధికార పార్టీ దాదాపు అన్నీ గెలిచింది. అదే పార్టీకి 2024లో 175కు 11 స్థానాలు వచ్చాయి. ఊళ్లో బిల్లు రావాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా పైనున్న ప్రభుత్వంతో సఖ్యంగా ఉండే సర్పంచి కావాలని జనం అనుకుంటారు. ఆ ప్రభుత్వాన్నే మార్చే రోజు వచ్చినప్పుడు ఆ లెక్క వర్తించదు.

పంచాయతీల్లో "ఏకగ్రీవం" అనే మాటను కూడా ఒకసారి ఆగి చూడాలి. వినటానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలూ ప్రకటించాయి. ఊరంతా ఒక్క మాట మీద ఉంటే సంతోషమే. కాని ఆ ఒక్క మాట ఎవరి అరుగు మీద తేలిందో, అక్కడ ఎవరు కూర్చున్నారో, ఎవరు దూరంగా నిలబడ్డారో అడగాలి కదా. ఓటు వేసే అవకాశమే లేకుండా అయిదేళ్లు గడిచిపోవటం కూడా ఏకగ్రీవమే.

ఓటు రహస్యం, వీధి బహిరంగం

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం. మన వాళ్లలో ఇప్పటికీ ఒక భయం ఉంది: "ఎవరికి వేశామో వాళ్లకు తెలిసిపోతుంది." ఈ భయం సగం తప్పు, సగం ఒప్పు.

తప్పు ఎందుకంటే, యంత్రంలో ఎవరి పేరూ ఉండదు. మీట నొక్కిన తర్వాత పక్కనున్న వి.వి.ప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. దాని మీద గుర్తు, అభ్యర్థి పేరు, వరుస సంఖ్య ఉంటాయి. ఓటరు పేరుండదు. ఎవరికీ వేయనని చెప్పదలచినవాడికి ఒకప్పుడు ఈ రహస్యం ఉండేది కాదు. ప్రిసైడింగ్ అధికారికి చెప్పి, రిజిస్టరులో రాయించి, అందరి ముందూ సంతకమో వేలిముద్రో వేయాల్సి వచ్చేది. అది రహస్య ఓటింగుకు విరుద్ధమని 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో యంత్రం మీద 'నోటా' మీట వచ్చింది.

ఒప్పు ఎందుకంటే, మనిషి ఓటు తెలియదు గాని వీధి ఓటు తెలుస్తుంది. లెక్కింపు పోలింగు కేంద్రాల వారీగా జరుగుతుంది. ఏ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20 అనే పట్టికలో రాస్తారు. దాన్ని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఒక కేంద్రానికి 1,500 మంది ఓటర్లు మించకూడదని పాత నియమం. 2025లో దాన్ని 1,200కు తగ్గించారు. పల్లెల్లో చాలాచోట్ల అంతకన్నా తక్కువే ఉంటారు. ఊళ్లో రెండు కేంద్రాలుండి, కాలనీ అంతా ఒకదానిలోనే పడితే ఇక దాచటానికేముంది? ఫలితం వచ్చిన సాయంత్రానికే "ఆ కాలనీ మనకు వేయలేదు" అన్న మాట ఊళ్లో తిరుగుతుంది. ఆ తర్వాత వీధి దీపం వెలగకపోయినా, కుళాయి రాకపోయినా, జాబితాలో పేరు పోయినా అసలు కారణం ఏదైనా సరే, జనం మనసులో మాత్రం ఆ పట్టికే మెదులుతుంది. "మనకెందుకొచ్చిన గొడవ, గెలిచేవాడికే వేద్దాం" అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. ఏడుసార్లు గాలివాటాన పోయిందని పైన చెప్పిన లెక్కలో ఈ జాగ్రత్త వాటా కూడా ఉందని నా అభిప్రాయం.

కాగితపు బ్యాలెట్ల కాలంలో దీనికి ఒక మందు ఉండేది. బెదిరింపులు ఉంటాయనుకున్న చోట వేర్వేరు పెట్టెల కాగితాలను కలిపేసి లెక్కించేవారు. యంత్రాలు వచ్చాక అది పోయింది. దాని స్థానంలో 'టోటలైజర్' అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. పద్నాలుగు కేంద్రాల యంత్రాలను దానికి కలిపితే మొత్తం ఓట్లు మాత్రమే కనిపిస్తాయి. ఏ వీధి ఎటు వేసిందో తెలియదు. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దీన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎక్కడ తక్కువ ఓట్లు వచ్చాయో తెలిస్తే అక్కడ పార్టీలు మరింత బాగా పనిచేస్తాయని దాని వాదన. వినటానికి బాగానే ఉంది. ఈ వాదన చేసినవాళ్లెవరికీ కాలనీ చివరి ఇంట్లో ఉన్న అనుభవం ఉండి ఉండదు.

రిజర్వుడు సీటు ఎక్కడికి పోయింది?

సాంఘిక సంక్షేమ హాస్టలు విద్యార్థులుగా మనం తెలుసుకోవలసిన ఇంకో సంగతి ఇది. పునర్విభజనకు ముందు మన జిల్లాలో పన్నెండు అసెంబ్లీ స్థానాలుండేవి. వాటిలో ఎచ్చెర్ల ఎస్సీలకు రిజర్వు అయిన స్థానం. అక్కడి నుంచి కావలి ప్రతిభా భారతి 1983 మొదలుకొని 1999 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచారు. 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరు అయ్యారు. 2009 నుంచి ఎచ్చెర్ల జనరల్ అయింది. రాజాం ఎస్సీ స్థానమైంది, పాలకొండ ఎస్టీ స్థానమైంది. జిల్లా మొత్తం స్థానాలు పదికి తగ్గాయి.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం విజయనగరం జిల్లాకు, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. శ్రీకాకుళం జిల్లాకు మిగిలినవి ఎనిమిది: ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, ఎచ్చెర్ల, నరసన్నపేట. ఈ ఎనిమిదీ జనరల్ స్థానాలే. ఎం.పి. స్థానమూ జనరలే. ఎవరో కక్షగట్టి చేశారని నేననటం లేదు. రిజర్వేషను రాష్ట్రం మొత్తం లెక్కన కేటాయిస్తారు. 175లో 29 ఎస్సీలకు, 7 ఎస్టీలకు. జిల్లాల గీత వేరే అవసరాలతో గీశారు. రెండు గీతలూ కలిసిన చోట మన జిల్లా ఇలా మిగిలింది. 2024 ఎన్నికల్లో మన జిల్లాలోని ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు తమవాడు కచ్చితంగా సభలో ఉండే స్థానం ఒక్కటీ లేకుండా ఓటు వేశాయి.

అంతకన్నా కింద, పంచాయతీ స్థాయిలో మాత్రం రిజర్వేషను వంతులవారీగా తిరుగుతుంది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన ఈ పద్ధతి వల్లే మన కుటుంబాల్లో ఎవరో ఒకరు వార్డు మెంబరో, సర్పంచో అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్నా చెక్కు బుక్కు వేరేవాళ్ల ఇంట్లో ఉండటం కూడా చూస్తూనే ఉన్నాం. అయినా ఉన్న ఒక్క మెట్టూ అదే.

పట్నం పెరిగితే ఓటు తగ్గింది

మనలో చాలామంది ఇంటరు తర్వాత శ్రీకాకుళం పోతారు. 2011 జనాభా లెక్కల్లో నరసన్నపేటను పట్టణంగా లెక్కించినా అప్పటికి పాలన పంచాయతీదే. శ్రీకాకుళం అలా కాదు. 1856 నాటి పాత మునిసిపాలిటీ. 2015 డిసెంబరులో కార్పొరేషను అయింది. పేరు పెద్దదైంది గాని అక్కడివాళ్లకు కార్పొరేటరును ఎన్నుకునే అవకాశం రాలేదు. 2005లో ఎన్నికైన పాలకమండలి గడువు 2010లో ముగిసింది. 2014 మార్చిలోనూ, 2021 మార్చిలోనూ రాష్ట్రంలో పుర ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళంలో జరగలేదు. చుట్టుపక్కల శివారు పంచాయతీలను కలపటం మీద కేసులు, డివిజన్ల విభజన మీద చిక్కులు. అయిదేళ్ల గడువు తీరక ముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో స్పష్టంగా ఉంది.

దాని ఫలితం ఏమిటంటే, పేటలో మురుగు కాలువ పొంగితే తిట్టడానికి వార్డు మెంబరు ఉంటాడు. శ్రీకాకుళంలో అద్దె గదిలో ఉన్న మన సీనియరుకు ఆ సౌకర్యం లేకపోయింది. దరఖాస్తు పట్టుకుని అధికారి దగ్గరకు పోవాలి, లేదా నేరుగా ఎం.ఎల్.ఎ. దగ్గరకు. మురుగు కాలువ కోసం ఎం.ఎల్.ఎ.కి ఓటేయాల్సిన పరిస్థితి వచ్చిందంటే శాసనసభ ఎన్నిక అర్థం కూడా మారిపోతుంది.

మన పేరు ఎక్కడ?

మన జిల్లా ఓటు సగం బస్సుల్లో, రైళ్లలో వస్తుంది. హైదరాబాదు, చెన్నై, విశాఖల్లో భవన నిర్మాణం పనులకు పోయినవాళ్లు, గుజరాత్ తీరానికి వేటకు పోయిన మత్స్యకారులు సంక్రాంతికీ ఓటుకీ ఇంటికొస్తారు. పార్టీలవాళ్లు ఉచితంగా వాహనాలు పెట్టి ఓటర్లను పోలింగు కేంద్రాలకు తరలించటం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. పోలింగు రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వటం యజమాని బాధ్యత అని అదే చట్టంలో ఉంది. పూర్వ విద్యార్థుల్లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేస్తున్న అన్నలు ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి.

పద్దెనిమిదేళ్లు నిండిన తమ్ముళ్ల విషయానికి వస్తే, ఒకప్పుడు జనవరి 1 నాటికి వయసు నిండాలి. ఒక్క రోజు తేడా వచ్చినా ఏడాది ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో ఏ తేదీకి నిండినా సరిపోతుంది. పదిహేడేళ్లు దాటితే ముందుగానే ఫారం 6 ఇచ్చి ఉంచవచ్చు. చిరునామా మారితే ఫారం 8.

హాస్టలులో ఉండే విద్యార్థికి పేరు ఇంటి దగ్గర నమోదు చేసుకోవాలా, హాస్టలు చిరునామాతోనా అన్నది అతని ఇష్టమే. రెండు చోట్లా ఉండకూడదు. హాస్టలు చిరునామా ఇవ్వాలంటే అక్కడ ఉంటున్నట్టు విద్యాసంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఇంటి దగ్గర నమోదైతే సర్పంచి ఎన్నికలోనూ ఓటుంటుంది, కాని ప్రతిసారీ సెలవు పెట్టి ప్రయాణం చేయాలి. పైగా మన ఓటు ఫారం 20లో మన వీధి వరుసలోనే లెక్కకు వస్తుంది. హాస్టలు చిరునామాతో అయితే మనల్ని ఎరగని వీధి వరుసలో కలిసిపోతుంది. ఊళ్లో ఒత్తిడి ఉన్నవాడికి అది కొంత చాటు. తన కాలనీ సంఖ్య పెరగాలనుకునేవాడికి అది నష్టం. నేను ఇంటి దగ్గరే ఉంచుకున్నాను, మా వీధి వరుసలో ఒక అంకె తగ్గటం నాకిష్టం లేక.